బూట్లు విప్పని పెళ్ళికొడుకు

ఐసు లారీ మైపాడు ఇసకలో దిగబడిపోయింది.

అదేమీ మొదటిసారి కాదు. పాత డ్రైవరైతే ఇలాంటప్పుడు స్టీరింగు మీద తల వాల్చి ఓ కునుకు తీసేవాడు. ఐసు కరిగి కారిపోతుంటే రొయ్యల షెడ్డులో మాలకొండమ్మ అతన్ని వంశంతో సహా తిట్టిపోసేది. ఈసారి మాత్రం కిటికీలోంచి కొత్త తల ఒకటి బయటికొచ్చింది. కోరమీసం, ఖాకీ చొక్కా.

"అందరూ ఇట్ట రండి! సగం మంది కుడిపక్క, సగం మంది ఎడంపక్క! నేను చెప్పేదాకా ఎవరూ తొయ్యొద్దు! ఏక్, దో..."

వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళు ఎందుకు లేస్తున్నారో తెలియకుండానే లేచి వచ్చి వరసగా నిలబడ్డారు. "తీన్!" అనగానే లారీ ఒక్క ఊపులో గట్టినేల ఎక్కింది. అందరూ ఈలలు వేశారు. డ్రైవరు కిందికి దూకాడు. అంత ఎండలో, ఆ ఇసకలో, కాళ్ళకి నల్లగా మెరిసే బూట్లు!

మాలకొండమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురొచ్చింది.

"ఏందబ్బయ్యా, ఊరందరి చేతా తోయించినావు, నువ్వు మాత్రం దిగలేదే? దొరగారి బూట్లకి మన్నంటుకుంటాదనా?"

"నేను దిగితే స్టీరింగు ఎవరు తిప్పుతారు, మీ నాయనా?"

"మా నాయన సముద్రంలో పడవే తిప్పతాడు. నీ డొక్కు లారీ ఎంత?"

"అయితే రేపు ఆయన్నే రమ్మను. నేను నీ పక్కన కూర్చుని రొయ్యలు ఒలస్తా."

షెడ్డులో ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. మాలకొండమ్మకి చెవులదాకా వేడెక్కింది. కోపమే అనుకుంది పాపం.

అతని పేరు హజరత్తయ్య. విడవలూరు దగ్గర చేపల వేట చేసుకునే కుటుంబమే. మీసం మొలవకముందే పటాలంలో చేరాడు. చదువు నేర్చుకున్నది అక్కడే, డ్రైవింగు నేర్చుకున్నదీ అక్కడే. చైనా యుద్ధం తర్వాత పింఛనిచ్చి ఇంటికి పంపేస్తూ, ఊరికే పంపకుండా ఐసు మిషన్ల పని కూడా నేర్పించి పంపారట. నెల్లూరు ఐసు ఫ్యాక్టరీలో కొలువు దొరికింది. ఇదంతా మాలకొండమ్మ ఎవర్నీ అడగకుండానే తెలుసుకుంది. ఎవర్నీ అంటే, అతన్ని. మిగతా అందర్నీ అడిగింది.

కార్తీకం వానలు పట్టుకున్నాయి. ఓ మధ్యాహ్నం జోరువానకి హజరత్తయ్య షెడ్డులోకి పరుగెత్తుకొచ్చాడు. బూట్లలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"వానొచ్చినా విప్పవా? నిద్దరపోయేటప్పుడన్నా విప్పతావా?" అంది మాలకొండమ్మ.

"అది నన్ను చేసుకున్నదానికి తెలస్తాది."

"పాపం, ఎవరో ఆ యమ్మ!"

"నేనూ అదే అనుకుంటుండా. ఆ యమ్మ ఊరంతా నా సంగతి వాకబు చేసిందంట. నన్నొక్కడినే అడగలా."

మాలకొండమ్మ ఉక్రోషంతో ఓ ఐసుముక్క తీసి అతని మీదికి విసిరింది. అతను ఠక్కున పట్టుకున్నాడు. పట్టుకోగానే నవ్వు ఆగిపోయింది, ఐసుముక్కని వెంటనే కింద పడేశాడు.

"ఐసు లారీ తోలేవాడికి ఐసంటే భయమా?"

"భయం కాదు, మర్యాద. దాని సంగతి నాకు తెలుసు." అతను గొంతు సర్దుకున్నాడు. "మా అమ్మని మీ ఇంటికి తీసుకొస్తా. ఏమంటావు, కొండమ్మా?"

"ఏమంటా? ఐసు కరిగిపోతా ఉండాది, పో!"

ఆ రోజు లారీ ఐసంతా నీళ్ళయిపోయినా ఆమెకి పట్టి ఉండేది కాదు.

మాలకొండమ్మ నాన్న చెంచయ్యకి రెండు పడవలున్నాయి. అంతకన్నా పెద్ద అహం ఉంది. కానీ పిల్లవాడికి కొలువుంది, పింఛనుంది. ఇంకేం కావాలి? వానలు వెలిసి ఎండలు ముదిరాక తాంబూలాలకి రమ్మన్నాడు. ఆ రోజు పిల్ల తండ్రి తన చేత్తోనే పెళ్ళికొడుకు కాళ్ళు కడిగి గడప దాటించడం వాళ్ళ ఆచారం. చెంచయ్య కొత్త పంచె కట్టుకుని, నీళ్ళ చెంబు పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు.

హజరత్తయ్య బూట్లు విప్పలేదు.

"నేను అరుగు మీదే కూర్చుంటాలే, మామా."

"ఏం? మా చేత కాళ్ళు కడిగించుకునేదానికి నామోషీనా?" చెంచయ్య మొహం ఎర్రబడింది.

"విప్పు నాయనా. ఎన్నాళ్ళని దాస్తావు?" అంది అతని తల్లి పిచ్చమ్మ, కళ్ళొత్తుకుంటూ.

అతను కిటికీ వెనకున్న మాలకొండమ్మ వైపు ఒకసారి చూశాడు. తర్వాత వంగి తాళ్ళు విప్పాడు. రెండు పాదాలకీ సగం వేళ్ళు లేవు.

ముందుగా నోరు తెరిచింది మాలకొండమ్మ మేనత్త పేరమ్మ. "అమ్మో! పెద్దరోగం! కుష్ఠు!"

"రోగం కాదత్తా. యుద్ధంలో మంచుకొండమీద రాత్రంతా కాపలా ఉన్నాం. మా బూట్లు ఆ చలికి ఆగలేదు. చలికి పోయినాయి వేళ్ళు."

"చలికి వేళ్ళు ఊడతాయా? ఎవరికి చెప్తావు? రోజూ నీ లారీ ఐసు చెంబులో వేసుకుని తాగతానే ఉండా. చల్లగా, హాయిగా ఉండాది. నా నాలికేమన్నా ఊడిందా?"

మైపాడులో జనం ఎరిగిన చలి అంతా ఒక దుప్పటికి లోకువ. అందరూ పేరమ్మ మాటకే తలూపారు. చెంచయ్య తాంబూలం పళ్ళెం లోపలికి పంపేశాడు.

హజరత్తయ్య మెల్లగా బూట్లు తొడుక్కున్నాడు. "ఎక్కడికి పోయినా ఇదే మాట. అందుకే విప్పలా. వేరే డ్రైవరు దొరగ్గానే నేను రావడం మానేస్తా."

మర్నాడు లారీ వచ్చింది. ఎవరూ దగ్గరికి పోలేదు. "ఆ ఐసు ముట్టబాకండి!" అని చెంచయ్య అరిచాడు.

మాలకొండమ్మ ముట్టింది. దిమ్మ దించి, తొట్టిలో వేసి, పగలగొట్టి, బుట్టెడు ఉప్పు కలిపింది. ఆ కోపం చూసి ఎవరూ అడ్డం రాలేదు.

"నాయనా! ఐసు హాయిగా ఉంటాదన్నారు గదా? పందెం. ఈ తొట్లో కాలుపెట్టి ఒక చుట్ట పూర్తిగా కాల్చు. కాలిస్తే నువ్వు చెప్పినోణ్ణి చేసుకుంటా. కాల్చలేకపోతే నేను చెప్పినోణ్ణి!"

"వద్దు!" హజరత్తయ్య పరుగెత్తుకొచ్చాడు. "కొండమ్మా, ఉప్పు కలిపితే అది కొరికేస్తాది!"

"నాకు తెలవదా? రోజూ నా వేళ్ళు చచ్చిపోతే పొయ్యి దగ్గర పెట్టి బతికించుకుంటుండా. నాకన్నా చెప్పుంటే నిన్ను నమ్మేదాన్ని కాదా?" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ రోగమే అయినా ఆస్పత్రిలో మందుండాది. మనిషిని తరిమేసే వీళ్ళ రోగానికే మందు లేదు!"

ఊరంతా గుమిగూడింది. పందెం అన్నాక చెంచయ్య వెనక్కి తగ్గే మనిషి కాదు. చుట్ట ముట్టించి, నవ్వుతూ కాలు పెట్టాడు.

కాసేపటికి నవ్వు ఆగింది. తర్వాత పొగ ఆగింది. ఆ తర్వాత చుట్ట నోట్లోంచి జారి ఇసకలో పడింది.

"నా కాలు! నా కాలు నాకు తెలీడంలా!"

హజరత్తయ్య అతన్ని కూర్చోబెట్టి, కాలు బయటికి లాగాడు. తెల్లగా పాలిపోయిన ఆ పాదాన్ని తన చొక్కా కిందికి దూర్చి కడుపుకి అదిమి పట్టుకున్నాడు. "రుద్దొద్దు, ఎవరూ రుద్దొద్దు! బొటనవేలు కదుపు మామా. నొప్పొస్తాది. రానీ, వస్తేనే మంచిది. రాకపోతేనే..."



నొప్పి వచ్చింది. చెంచయ్య పళ్ళు బిగపట్టి అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. నొప్పి కాస్త తగ్గాక అడిగాడు. "ఆ కొండమీద నీకెవరూ ఇట్ట పట్టుకోలేదా, అబ్బయ్యా?"

"పట్టుకున్నాడు, నా పక్కనోడు. అందుకే సగమన్నా మిగిలినాయి. వాడి కాళ్ళు పట్టుకునేదానికి నాకు ఒంటిమీద తెలివి లేదప్పుడు."

పేరమ్మ చెంబులోని ఐసుముక్కని గుట్టుగా తీసి అవతల పారేసింది.

"కొండమ్మా, చెంబుతో నీళ్ళు తే," అన్నాడు చెంచయ్య. అక్కడే, ఇసకలోనే, ఊరందరి ముందూ కూర్చుని హజరత్తయ్య బూట్లు తన చేత్తో విప్పాడు. రెండు పాదాలూ కడిగి, తన పంచె చెంగుతో తుడిచాడు. "ఇంక మా గడప దాటు, అల్లుడూ."

ఈలలే ఈలలు! పిచ్చమ్మకి కబురు చెప్పడానికి ఎవరో సైకిలెక్కారు. ఆ సందట్లో మాలకొండమ్మ బూట్లు రెండూ చంకన పెట్టుకుని సముద్రం వైపు పరుగెత్తింది.

"ఏమ్మే! నా బూట్లు! ఇసక కాలిపోతా ఉండాది!"

"చలికి ఓర్చినోడివి, ఎండకి ఓర్చలేవా? పరిగెత్తు జవానూ! ఏక్, దో, తీన్!"

అతను ఎగిరెగిరి గెంతుతూ, అరుస్తూ, నవ్వుతూ ఆమె వెనకే పరుగెత్తాడు. నీళ్ళ అంచున ఆమెని పట్టుకున్నాడు. ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి ఓ అల వచ్చి అతని పాదాల మీద పడింది.

"చల్లగా ఉండాదా?" అంది ఆమె, కాస్త భయంగా.

"లేదు," అన్నాడు హజరత్తయ్య. "హాయిగా ఉండాది."