పినపాకలో పోయిన సదరం కాయితాలు

ఖమ్మంలో ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకుని బతకడం తేలిక కాదు. నిర్మలాదేవి ఆఫీసుకు వచ్చేవాళ్లలో సగం మంది పెళ్లికొడుకు చెప్పిన జీతం నిజమేనా అని కనుక్కోమనేవాళ్లే. అందుకే ఆ ఆదివారం పొద్దున కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ ఒకామె మెట్లెక్కి వస్తే, అసిస్టెంటు ధన్‌సింగ్‌కు లోలోపల కాస్త సంతోషమే కలిగింది. వెంటనే తన సంతోషానికి తానే సిగ్గుపడి, కుర్చీ తుడిచి వేశాడు.

ఆమె పేరు ఆరాధన. పినపాక నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చింది.

“మా ఆయన కాయితాలు ఎవరో ఎత్తుకపోయిండ్రు మేడం. రేపు పొద్దున పదింటికి దవాఖానాల రివ్యూ ఉన్నది. కాయితాల్లేకుంట ఎట్ల పోవాలె? పోకపోతే పింఛను ఆగిపోతది.”

నిర్మలాదేవి ఆమెను మంచినీళ్లు తాగనిచ్చి ఒక్కొక్కటే అడిగింది. ఆరాధన భర్త డేవిడ్ బొగ్గు టిప్పర్ డ్రైవరు. ఐదేళ్ల కింద టిప్పర్ తిరగబడి కుడికాలు నలిగిపోయింది. డాక్టర్లు చూసి వికలాంగుల సర్టిఫికెట్, అంటే సదరం, ఐదేళ్లకు రాసిచ్చారు. ఆ గడువు ఇప్పుడు తీరింది. మళ్లీ డాక్టర్లు చూసి రాస్తేనే ఇల్లు నడిచేది.

“ఏమేం పోయినయమ్మా?”

“పాత సదరం, రివ్యూ నోటీసు, ఆపరేషన్ కాయితాలు. నిన్న మాపటికి చూస్తే లెవ్వు. ఎక్స్‌రే మాత్రం ట్రంకుపెట్టెలనే ఉన్నది.”

“ఇంకేమన్న?”

ఆరాధన కాస్త ఆలోచించింది. “గోడకు అంటించిన చిన్న ఫోటో ఒకటి పోయింది. కాలు బాగున్నప్పుడు మా ఆయన టిప్పర్ పక్కన నిలబడి దిగింది. అదెవరికి పనికొస్తది మేడం?”

“అవ్, అదే నేనూ అనుకుంటున్న,” అంది నిర్మలాదేవి. పదిహేనేళ్లు ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిములు పరిశీలించిన మనిషి ఆమె. ధన్‌సింగ్ ఆ మాట కూడా నోటుబుక్కులో రాసుకున్నాడు. మేడం దగ్గినా రాసుకునే రకం అతను.

మధ్యాహ్నానికి కారులో పినపాక చేరారు. డేవిడ్ చేతికర్ర ఆనించుకుని కుర్చీలో కూర్చున్నాడు. అతని తల్లి విశ్రాంతమ్మ గడపలో కందికాయలు వొలుస్తోంది. ఆరాధన అందరికీ టీ తెచ్చింది. విశ్రాంతమ్మ మాత్రం వద్దని చెయ్యి ఊపింది. పారబోయడం చూడలేని ధన్‌సింగ్ ఆ కప్పు కూడా తాగేశాడు.

“ట్రంకుపెట్టె తాళం పగలగొట్టిండ్రా?” అని నిర్మలాదేవి డేవిడ్‌ను అడిగింది.

“లేదు మేడం. చెవి మేకుకే ఉంటది. మా ఇంటికొచ్చేటోళ్లందరికీ తెలుసు.”

“ఎవరి మీదన్న అనుమానమా?”

“కోటేష్ మీద. గీ సర్టిఫికెట్ల బ్రోకరు పని చేస్తడు. పర్మనెంటు సదరం ఇప్పిస్త, నా సంగతి చూస్కో అన్నడు. నేను వద్దన్న. మొన్న శుక్రవారం మళ్లొచ్చి, గీ గడపల్నే నిలబడి, ‘రివ్యూ అంటే పింఛన్లు కోసుడే. నువ్వు నాలుగడుగులు ఏసినవంటే పింఛను పాయె’ అన్నడు.”

“నడుస్తరా మీరు?”

డేవిడ్ తల దించుకున్నాడు. “కర్ర పట్టుకొని పదడుగులు. ఈ మధ్యనే. ఏసినంక రెండు రోజులు మంచం దిగలేను.”

నిర్మలాదేవి గడపవైపు తిరిగింది. “అమ్మా, మీకేమన్న తెలుసా?”

విశ్రాంతమ్మ కందికాయల మీంచి చూపు ఎత్తలేదు. “ఏడికి పోతయ్ బిడ్డా. ఉన్నకాడ భద్రంగనే ఉంటయ్.”

ధన్‌సింగ్ పోయి కోటేష్‌ను టీకొట్టు నుంచి పట్టుకొచ్చాడు. కోటేష్ వచ్చీ రాగానే దండం పెట్టాడు.

“ఆ కాయితాలు నేనేం చేసుకుంట మేడం? కాయితాలుంటేనే నాకు గిరాకీ. అవే పోతే నేను గూడ ఏం చెయ్యలేను గద!”

అతను పక్కకు పోగానే ధన్‌సింగ్ గొంతు తగ్గించి, “వీడే మేడం. మొహం చూస్తే తెలుస్తలేదా?” అన్నాడు.

“మొహం చూసి తేల్చేటట్టయితే డాక్టర్లు రివ్యూ ఎందుకు పెడతరు ధన్‌సింగ్?” అని ఆమె నవ్వి, ఒక్కతే వీధి చివరి చర్చిదాకా నడిచి వెళ్లి వచ్చింది. నాలుగింటికి అందరినీ అక్కడికి రమ్మని చెప్పింది. కోటేష్‌నూ వదల్లేదు.

చర్చి వరండాలో గోడకు బిగించిన చెక్కపెట్టె ఒకటి ఉంది. దాని మీద ‘ప్రార్థన మనవులు’ అని రాసి ఉంది. శుభలేఖలు కూడా పట్టేటంత వెడల్పు సందు, కింద తాళం. చర్చి పాస్టరుతో సహా అందరూ ఆ పెట్టె ముందు బెంచీల మీద కూర్చున్నారు.

“ఈ దొంగ డేవిడ్‌కు చెడు చేద్దామనుకుంటే ఎక్స్‌రే గూడ తీసుకపోయేటోడు,” అని నిర్మలాదేవి మొదలుపెట్టింది. “వదిలేసిండంటే, దాచినకాడ అది పట్టలేదన్నమాట. కాయితాలైతే మడతపెట్టొచ్చు, ఎక్స్‌రేను పెట్టలేం. ఇక ఫోటో. టిప్పర్ పక్కన దిగిన పాత ఫోటో ఏ అప్లికేషన్‌కూ అతికించరు. అంటే కోటేష్ పని కాదు.”

కోటేష్ గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

“డేవిడ్ కాళ్ల మీద నిలబడ్డ ఫోటో ఎవరికి ముద్దు? ఇల్లంతా దేవులాడుతుంటే, భద్రంగ ఉన్నయని ధైర్యంగ చెప్పిందెవరు? పొద్దుందాక పనిచేసి గుక్కెడు టీ ముట్టనిది ఎవరు? ఉపవాసం ఎన్నాళ్లు పాస్టరుగారూ?”

“మూడు దినాలు. నిన్న మొదలైంది,” అన్నాడు పాస్టరు తడబడుతూ. “రేపు సాయంత్రం అందరి ముందర పెట్టె తీస్తం. తీసేదాక ఎవ్వరూ తమ మనవి బయటికి చెప్పొద్దు. మా సంఘంల పద్ధతది.”

అందరూ విశ్రాంతమ్మ వైపు చూశారు. ధన్‌సింగ్ నోరు తెరిచి రాయడం మరిచిపోయాడు.

“అత్తమ్మా!” అంది ఆరాధన. “పొద్దున పదింటికే పోవాలె గద!”

“నాకు చదువొస్తే చీటీ రాద్దును,” అంది ముసలామె. “రానందుకే ఉన్నయన్నీ ఏసిన. వీడు నడిస్తే పింఛను పోతదన్నడు కోటేషు. నడవకపోతే నా కొడుకు గట్లనే కూసుంటడు. దేవుణ్ణి ఏది అడగాలె నేను? కాలడగాల్నా, కూడడగాల్నా? తెల్వక కాయితాలూ ఏసిన, ఫోటో ఏసిన. ఏదియ్యాల్నో నువ్వే చూస్కో తండ్రీ అన్న.”

కోటేష్ మొదటిసారి నిజంగా సిగ్గుపడ్డాడు.

నిర్మలాదేవి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. “అమ్మా, కాలే అడుగుండ్రి. రివ్యూ అంటే శిక్ష కాదు. ‘ఐదేండ్లకు మళ్ల చూడాలె’ అని సదరం ఇచ్చిననాడే రాసిండ్రు. మీ కొడుకును అనుమానించి పిలుస్తలేరు. పోకపోతేనే ఆగుతది.” తర్వాత డేవిడ్‌ను చూసింది. “పదడుగులు ఏస్తరు గద, ఏసి చూపెట్టుండ్రి. తర్వాత రెండు రోజులు మంచంల పడతరు, అదీ చెప్పుండ్రి. సగమే చెప్తే అబద్ధమైతది.”

పాస్టరు తాళంచెవి పట్టుకుని నిలబడ్డాడే గాని పెట్టె ముట్టలేదు. చివరికి విశ్రాంతమ్మే లేచింది.

“తియ్యి అయ్యా. నా మనవి ఇయ్యాల్నే అందినట్టుంది.”

పదిరోజుల తర్వాత ఆరాధన ఫోన్ చేసింది. గొంతులో సంతోషం సగమే ఉంది.

“వచ్చింది మేడం, కొత్త సదరం. పింఛనుకేం ఢోకా లేదంట. కానీ మళ్ల టెంపరరీనే, ఐదేండ్లకే. పర్మనెంటు ఇచ్చినా బాగుండు. మళ్ల గిదే తిప్పలు.”

అంతలో ఫోన్ చేయి మారింది. “బిడ్డా, నేను విశ్రాంతమ్మను. టెంపరరీ అంటే ఏంది? జర సమజయ్యేటట్టు చెప్పు.”

“మీ కొడుకు కాలు ఇంక బాగుపడొచ్చని డాక్టర్లు అనుకుంటున్నరన్నట్టు అమ్మా. అందుకే మళ్ల చూస్తమన్నరు.”

అవతల ముసలామె ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే, వీధంతా వినబడేలా అరిచింది.

“ఓ డేవిడూ! ఇన్నవా? నీ కాలు మీద డాక్టర్లకు గూడ ఆశున్నదంటరా!”