మా పెళ్ళికి రెండో టేకు

ఇట్టో నాతో మొదటిసారి మాట్లాడినప్పుడు నేను చచ్చి పడున్నాను.

ఆ ఏడాది అట్లాస్ కొండల్లోని మా ఊరికి ఇంగ్లీషు సినిమావాళ్ళు వచ్చారు. మా మొరాకో కొండలే వాళ్ళకి అఫ్గాన్ కొండలట. వెనకటి రోజుల్లో తెల్లదొరల పటాలం ఒక కోటని ఎలా కాపాడుకుందో కథ. మేమంతా ఆ కోట మీద పడే పఠాన్లం. మా తాత నిజంగానే తుపాకీ పట్టి ఫ్రెంచివాళ్ళని ముప్పుతిప్పలు పెట్టినవాడు. ఆయన మనవణ్ణి, అస్సూ అనే నేను, పొద్దస్తమానం ఇంగ్లీషువాళ్ళ చేతిలో చస్తూ ఉండేవాణ్ణి.

ఆ రోజు మరీ ఉత్సాహంగా చచ్చాను. దొర్లుకుంటూ పోయి ఎవరో ఆరబెట్టిన ఉన్ని మీద పడ్డాను.

"ఏయ్ శవం! లే అక్కణ్ణించి."

కళ్ళు తెరవలేదు. కెమెరా ఇంకా తిరుగుతోంది.

"నిన్నే! చావడానికి ఇంత కొండుంటే నా ఉన్నే దొరికిందా?"

"కాసేపాగు, ఇంకా చస్తున్నాను" అన్నాను పెదవి కదపకుండా.

"చచ్చినవాడు మాట్లాడడు. మాట్లాడేవాడు చావలేదు. ఏదో ఒకటి తేల్చుకుని పక్కకి జరుగు."

నవ్వు ఆపుకున్నాను గానీ పొట్ట ఆగలేదు. ఎగిరెగిరి పడింది. "కట్!" అని అరిచాడు డైరెక్టర్ హార్‌గ్రీవ్. కళ్ళు తెరిచేసరికి నడుం మీద చేతులు పెట్టుకుని ఒక పిల్ల. నేత పని చేసే బాసూ కూతురు ఇట్టో. చిన్నప్పుడెప్పుడో చూశాను. ఇంత కోపం, ఇంత అందం ఎప్పుడు వచ్చాయో నాకు తెలియదు.

ఆ తర్వాత నేను చావాల్సి వచ్చినప్పుడల్లా ఆమె ఇంటి వైపే దొర్లేవాణ్ణి. ఆమె రొట్టెల బుట్టతో షూటింగ్‌కి వచ్చేది. అందరికీ రొట్టె చేతికిచ్చేది, నాకు మాత్రం విసిరేది. నేను పట్టుకోలేకపోతే ఓరగా చూసి నవ్వేది. ఆ చూపు కోసం కావాలనే చాలా రొట్టెలు వదిలేశాను.

ఇంతలో పెళ్ళి సీను వచ్చింది. కథలో ఒక కెప్టెన్ దొర మారువేషంలో పఠాన్ల పెళ్ళిలో దాక్కుంటాడు. దానికి వధూవరులు కావాలి.

"శవాన్ని నవ్వించిన ఆ పిల్లేది? ఆ శవాన్ని కూడా పిలవండి" అన్నాడు హార్‌గ్రీవ్.

ఆయన మాటని మాకు అరబ్బీలో చెప్పేవాడు ద్రిస్. కాసాబ్లాంకా మనిషి, మా కొండ భాష ఒక్క ముక్క రాదు. "పఠాన్ల పెళ్ళి ఎలా ఉంటుందో ఇంగ్లండులో ఎవరికీ తెలీదు, అందుకని మీ పెళ్ళిళ్ళలో ఏం చేస్తారో అదే చెయ్యమంటున్నారు. పెళ్ళికూతురు మాత్రం ముసుగేసుకుని తల వంచుకుని కూర్చోవాలి. నోరు విప్పకూడదు" అన్నాడు.

చెయ్యమన్నది చేశాం. అదే మేం చేసిన తప్పు. మాకు నటన ఎక్కడొచ్చు? పెళ్ళి చెయ్యమంటే పెళ్ళే చేశాం. పెళ్ళి చదివే మనిషి వేషం ఊళ్ళో నిజంగా పెళ్ళిళ్ళు చదివే ఫకీ సి హమ్మూకే ఇచ్చారు. పెళ్ళికూతురి తండ్రి వేషం ఆమె తండ్రి బాసూకే ఇచ్చారు. చుట్టూ సాక్షులుగా సగం ఊరు.

"ఇచ్చావా?" అన్నాడు ఫకీ గంభీరంగా.

"ఇచ్చాను" అన్నాడు బాసూ.

"పుచ్చుకున్నావా?"

"పుచ్చుకున్నాను" అన్నాను. అది నటన కాదు.

"పెళ్ళికూతురికి మహర్ ఏమిస్తున్నావు?"

నాకున్నది ఒక్కటే. "నా కంచర గాడిద" అన్నాను.

ఎర్ర ముసుగు లోపల్నుంచి చిన్నగా వినిపించింది. "దానికి నీకన్నా బుద్ధెక్కువ."

"కట్! అద్భుతం!" అన్నాడు హార్‌గ్రీవ్.

మర్నాడు పొద్దున లేచి చూస్తే కొట్టంలో గాడిద లేదు. ఊరంతా వెతికాను. బాసూ ఇంటి వాకిట్లో హాయిగా గడ్డి మేస్తోంది.

"పెద్దాయనా, నా గాడిద..."

"నీదెక్కడిది? మహర్ ఇచ్చేశావుగా. అది మా అమ్మాయిది."

"అది సినిమా కదా!"

"సినిమా ఆ ఇంగ్లీషువాడిది. మాట నాది. ఇచ్చిన మాట తిప్పుకోవడం మా ఇంటా వంటా లేదు, అల్లుడూ. టీ తాగుతావా?"

నా గుండె లేడిపిల్లలా గంతేసింది. కానీ పక్కనే టీ తాగుతున్న ఫకీ గడ్డం నిమురుకుంటూ, "పెళ్ళి విషయంలో వేళాకోళమనేది లేదబ్బాయ్. సాక్షులున్నారు, తండ్రి ఇచ్చాడు, నువ్వు పుచ్చుకున్నావు. నాకు తెలిసినంతలో పెళ్ళయిపోయింది" అని అంటుండగానే ఇట్టో బయటికి వచ్చింది. చేతిలో ఉన్ని దువ్వే ఇనుప దువ్వెన.

"నన్నెవరడిగారు?"

"ఆడపిల్ల మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టే తల్లీ."

"మౌనంగా ఉండమన్నది ఆ ఇంగ్లీషువాడు!"

ఫకీ చెయ్యి గడ్డం మీదే ఆగిపోయింది. "అది... ఆలోచించాల్సిన విషయమే. నీకిష్టం లేకపోతే ఒక దారుంది. శుక్రవారంలోగా వీడు నిన్ను విడిచిపెట్టానని నలుగురిలో చెప్తే సరి, లేకపోతే పెళ్ళి నిలిచినట్టే."

"అడక్కుండా పెళ్ళాన్ని చేశారు. కాపురం చెయ్యకుండానే మొగుడు వదిలేసినదాన్ని కూడా చేస్తారా?"

తలుపు ధడాలున పడింది. గాడిద కూడా ఉలిక్కిపడింది.

ఆ రోజే వాన పట్టుకుంది. షూటింగ్ ఆగిపోయింది. నాకు మాత్రం ఒక చోట కాలు నిలవలేదు. ఇంట్లో కూర్చుంటే బయటికి పోవాలనిపించేది, బయటికి పోతే ఆమె ఇంటి వైపే కాళ్ళు లాగేవి. పెళ్ళి నిజమే అంటే ఆమె నోరు మూయించినవాళ్ళలో నేనూ ఒకణ్ణవుతాను. విడిచిపెట్టానంటే ఆమె బతుక్కి లేని మచ్చ తెస్తాను. ఈ రెండిట్లో ఏది చేసినా ఆమె నా మొహం చూడదు. ఆమె నా మొహం చూడకపోతే నాకీ కొండలెందుకు?

వాన కాస్త తెరిపివ్వగానే వాగు దగ్గరికి పరిగెత్తాను. ఆమె ఉన్ని ఉతుకుతోంది. నా గాడిద, కాదు, ఆమె గాడిద పక్కనే తడుస్తూ నిలబడింది.

"ఇట్టో, నేను నిన్ను..."

"ఆగు. ఇక్కడెవరున్నారు? కప్పలూ, ఈ గాడిదానూ. ఊరందరి ముందు నా నోరు మూసి, ఇప్పుడు చాటుగా అడుగుతావా?"

"మరెలా అడగాలి?"

"ఏటా జరిగే పెళ్ళిళ్ళ సంతలో మా అక్కని బావ అడిగినట్టు. చెయ్యి పట్టుకుని, నలుగురూ చూస్తుండగా. ఇష్టముంటే ఉంచుతాను. లేకపోతే లాక్కుంటాను."

"సంతకి ఇంకా మూడు నెలలుంది. శుక్రవారం ఎల్లుండే!"

"అది నీ తిప్పలు."

"లాక్కుంటే నేను ఊళ్ళో తలెత్తుకు తిరగలేను."

ఆమె ఉన్ని పిండుతూ తలెత్తింది. కనురెప్పల మీద వాన చినుకులు. "ముసుగు కింద కూర్చోబెట్టినప్పుడు నా తల సంగతి నువ్వు అడిగావా?"

నేను అడగలేదు. "లాక్కుంటావా?" అన్నాను చివరికి, పసివాడిలా.

"నాకింకా తెలీదు" అంది. నవ్విందో లేదో వానలో కనపడలేదు.

మర్నాడు పొద్దున ద్రిస్ రొప్పుతూ వచ్చాడు. "పెళ్ళి మళ్ళీ తియ్యాలి! బాసూ చేతికి వాచీ ఉందట. కథ జరిగేది నూరేళ్ళ కిందట. డైరెక్టర్ జుట్టు పీక్కుంటున్నాడు!"

మర్రకేష్‌లో కొన్న ఆ వాచీని బాసూ నిద్రలో కూడా తియ్యడు. ఆయన్ని ఒప్పించి దాన్ని ఊడదీసేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. మళ్ళీ అదే చాప, అదే ఎర్ర ముసుగు. ఈసారి సగం ఊరు కాదు, ముసలీముతకా సహా ఊరంతా వచ్చింది.

"యాక్షన్!"

ఫకీ నోరు తెరిచాడు. నేను చెయ్యెత్తి ఆపాను. ముసుగు అంచున కనపడుతున్న ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఉన్ని పనితో గరుకెక్కిన చెయ్యి, చల్లగా ఉంది.

"ఇట్టో, మొన్న నిన్ను అడగలేదు. తప్పయిపోయింది. ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాను. నన్ను చేసుకుంటావా? వద్దనుకుంటే చెయ్యి లాక్కో. మొన్నటిది వట్టి ఆటేనని నేనే ఊరందరికీ ఒట్టేసి చెప్తాను."

కెమెరా గిర్రున తిరుగుతున్న చప్పుడు. ఆమె వేళ్ళు నా చేతిలో కదిలాయి. లాక్కుంటోంది అనుకున్నాను. నా పని అయిపోయింది అనుకున్నాను.

ఆమె రెండో చేత్తో ముసుగు తీసేసింది.

"నా కార్జం నువ్వు ఎప్పుడో ఎత్తుకుపోయావు. ఉన్ని మీద పడ్డ రోజే" అంది, కొండకి అవతల ఊరిక్కూడా వినపడేలా.

మా కొండల్లో ప్రేమ ఉండేది గుండెలో కాదు, కార్జంలో. ఆడపిల్ల ఆ మాట అంటే ఇక ఏ ఫకీ చెప్పాల్సింది ఏమీ ఉండదు. ఆడవాళ్ళు ఒక్కసారిగా నాలుకలాడిస్తూ జాగరీతు కూతలు పెట్టారు. బాసూ కళ్ళు తుడుచుకుంటూ, అలవాటుకొద్దీ, లేని వాచీకేసి చూసుకున్నాడు.

"ఆ పిల్ల ఏమంది?" అని హార్‌గ్రీవ్ అరిచాడు.

ద్రిస్ తెల్లమొహం వేసి, "దేవుణ్ణి తలుచుకుంది సార్" అన్నాడు.

"అద్భుతం! అలాగే ఉంచుదాం. కట్!"

ఆమె చెయ్యి తియ్యలేదు.

"కట్!" అన్నాడు మళ్ళీ.

"చెయ్యి వదలవా? సీను అయిపోయిందట" అన్నాను, వదిలేస్తుందేమోనని భయపడుతూనే.

"వాళ్ళకి అయిపోయింది" అంది ఇట్టో. నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. "గాడిదని మాత్రం తిరిగివ్వను."