పన్నెండు మైళ్ల ట్రెడ్‌మిల్లు

1974. తెనాలి. రైసుమిల్లు యజమాని పాండురంగారావు తన మేడగదిలో ట్రెడ్‌మిల్లు వెనక వెల్లకిలా పడి చచ్చిపోయాడు. తల వెనక పగిలింది.

మర్నాడు బాపట్ల నుంచి ఇన్‌స్పెక్టర్ పూర్ణచంద్రరావు వచ్చేసరికి కేసు తేలిపోయిందన్నారు. పనివాడు ఏసుబాబు ఒప్పేసుకున్నాడట. అయ్యగారు నడుస్తుంటే స్పీడు మీట పూర్తిగా తిప్పాడట. కాళ్ల కింద పట్టా గంటకి పన్నెండు మైళ్ల వేగం అందుకుని ఆయన్ని విసిరికొట్టిందట. చూసిన సాక్షి ప్రకాశరావు. పోయినాయన అన్నకొడుకు, రేపల్లెలో మిల్లు నడుపుతాడు.

స్టేషన్ అరుగు మీద ఏసుబాబు భార్య రిబ్కా కూర్చుని ఉంది. మొగుడికి ఉరి పడుతుందని ఎస్సై ఆమె మొహం మీదే చెప్పాడు. ఆ మాట చెబుతూ కిళ్లీ నమిలాడు. ఛీ, ఏం మనుషులు!

పూర్ణచంద్రరావు అందర్నీ ఆ మేడగదికి పిలిచాడు. సుగరు జబ్బుకి నడవమంటే పాండురంగారావు ఆ మిషను మద్రాసులో కొన్నాడు. గదికి తాళం వేసుకుని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అది నడవగా భార్య సుబ్బరత్నమ్మ కూడా చూడలేదు. మరి స్టేట్‌మెంటులో మీట సంగతి ఎలా చెప్పిందని పూర్ణచంద్రరావు ఆమెని అడిగాడు.

"ప్రకాశం చెప్పాడండి. అదే నేనూ చెప్పాను," అందామె.

ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్లు మండింది. పట్టా ఎక్కి నడిచాడు. డయల్లో ముల్లు రెండు మీదికి వచ్చింది. దిగగానే పట్టా ఆగిపోయింది. కానిస్టేబుల్‌ని ఎక్కించి, ఊపిరున్నంత వేగంగా పరిగెత్తమన్నాడు. ముల్లు ఏడు దాటలేదు.

"ప్రకాశరావుగారూ, ఆ మీట మీరు తిప్పండి."

ప్రకాశరావు వంగి వెతికాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. మీట లేదు.

"పోనీ, కరెంటు వైరు చూపించండి."

వైరూ లేదు. ఫారిన్ మిషను కదా, లోపల బ్యాటరీ ఉందేమో అనుకున్నానని గొణిగాడు.

మోటారు ట్రెడ్‌మిల్లులు వేరే ఉన్నాయని ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. మద్రాసు ఆస్పత్రిలో చూశాడు. అవి పది మైళ్ల పైనే పోతాయి, మనిషి తట్టుకోలేకపోతే విసిరేస్తాయి కూడా. ఇది ఆ రకం కాదు. కాలు తోస్తేనే తిరుగుతుంది. ఆయాసపడే పాండురంగారావు తోస్తే మహా అయితే మూడు మైళ్లు.

"మీ మిల్లులో పట్టా మనిషిని లాగేస్తుంది. పట్టా అనేసరికి ఇదీ అంతే అనుకున్నారు. పన్నెండు అనేది డయల్లో ఆఖరి అంకె, అది చూసి చెప్పారు."

ప్రకాశరావు కారు డిక్కీలో ఇనపరాడ్డు దొరికింది. తుడిచాడు గానీ వెంట్రుకలు మిగిలాయి. తన మిల్లులో రేషను బియ్యంలో తెల్లరాయి నలగ్గొట్టి కలుపుతున్నాడు. ఆ సంగతి కలెక్టరుకి చెబుతానన్నాడు బాబాయి. జనం చేత రాళ్లు తినిపించడానికి సొంత బాబాయి తల పగలగొట్టాడు.

ఇన్‌స్పెక్టర్ లాకప్ తెరిపించాడు. ఏసుబాబు కుడిచెయ్యి వాచి, వేళ్లు ముడుచుకోవడం లేదు. రిబ్కా ఆ చేతిని ఒళ్లో పెట్టుకుంది.

"మీటే లేదంట. తిప్పానని ఎందుకు చెప్పావయ్యా?"

ఏసుబాబు ఎస్సై వైపు చూడకుండా జవాబు చెప్పాడు.

"తిప్పావా అని అడగలేదే. ఎటేపు తిప్పావని అడిగారు. కుడేపు అన్నాక ఆపారు."