రాకాసి గుళ్ల జోలపాట

పలమనేరు అవతల రాకాసి గుళ్లంటే పొద్దుగూకినాక ఎవురూ ఆ దిక్కుకు మొగం కూడా తిప్పరు. గుళ్లంటే దేవుడి గుళ్లు కాదబ్బా... గుండ్రంగా పాతిన పెద్ద పెద్ద రాళ్లు, నడుమ బండ. రాకాసి కట్టిందంట. పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది నాటికి రాత్రిళ్లు ఆడ జోలపాట కూడా వినిపిస్తా ఉండేదంట! చీకట్లో ఆ పక్క పోవాల్సి వస్తే ఒక రాయి విసరాల, వెనక్కి చూడకుండా పోవాల. రాయి పడితే రాకాసి లేవదని ఊరోళ్ల నమ్మకం.

ఆ ఏడే తవ్వకాల సార్లు వచ్చినారు. అవి పాతకాలం మనుషుల సమాధులన్నారు. కూలికి ఆ ఊరి మునస్వామి కుదిరినాడు. భయమే... కానీ వానల్లేని ఏడు, ఏం చేస్తాడు?

ఒకనాడు బండ కింద సందులో ఎరుపూ నలుపూ కలిసిన కుండ దొరికింది. లోపల సన్న సన్న ఎముకలు. సారు ఎగిరి గంతేసినాడు.

"మూడు వేల ఏండ్ల నాటి బిడ్డ, మునస్వామీ! నీ చెయ్యి మంచిది!"

మునస్వామి పొంగిపోయినాడు. పెట్టెలో దూది పరిచి, కుండను తనే అందులో పెట్టి, పలమనేరు దాకా పోయి హైదరాబాదు లారీకి ఎక్కించినాడు. అప్పటికే కుండ సంగతి ఊరంతా పాకింది.

నడిచి తిరిగొచ్చేసరికి చీకటి పడింది. దారి గుళ్ల పక్కనే.

జోలపాట...

తవ్విన గుంతలో ఏదో కదులుతా ఉండాది — జుట్టు విరబోసుకోని, రెండు చేతులతో మన్ను గీరుతా...

మునస్వామి రాయి అందుకున్నాడు. బలమంతా పెట్టి విసిరినాడు.

"అమ్మా!"

ఆ గొంతు... దినామూ ఇంట్లో వినే గొంతే!

పరిగెత్తినాడు. గుంతలో వాని పెండ్లాం చెంగమ్మ. నొసటి నుంచి రక్తం కారతా ఉండాది.

"ఈడేం పనే నీకు?"

"మన బిడ్డ యాడ మామా?" గుసగుసగా అడిగింది.

పేరు పెట్టకముందే పోయిన ఆడబిడ్డ. మునస్వామి అప్పుడు చెరుకు గానుగ పనికి పోయినాడు. పురిటి బిడ్డను పాతిపెట్టేది ఆడోళ్ల పనంట, యాడ పెట్టినారని మొగోడు అడగరాదంట. ఏం ఆచారమో, మట్టిగొట్టుకుపోను! వాగొడ్డున పెట్టింటారులే అనుకోని వాడూ ఊరకున్నాడు.

"వాగొడ్డునైతే నక్కలు తవ్వేస్తాయని ఈడికి తెచ్చినా. బండ కిందికి నక్క రాదు, రాకాసి భయానికి దున్నే మడక రాదు, మనిషీ రాడనుకున్నా. ఈడ దొరికిన కుండలోనే పండబెట్టినా. మనసు ఆగనప్పుడు వచ్చి జోల పాడేదాన్ని... యాడ పెట్టినావు మామా దాన్ని?"

మునస్వామి పలమనేరు దారి దిక్కు చూసినాడు.

"అది... మూడు వేల ఏండ్ల నాటిదని సారు..."

"మూడేండ్లే మామా," అనింది చెంగమ్మ. "మొన్న మాఘానికి మూడేండ్లు."