వాలుగకు ఆరు బిందెలు

ఆ ఎండాకాలం ఆదోనిలో బావులన్నీ అడుగంటాయి. మిషన్ స్కూలు టీచరు యేసేపు ఆరో బిందెకు నీళ్లు చేదుతుంటే, జిన్నింగు మిల్లులో పనిచేసే సంతోషమ్మ చేంతాడు పట్టుకుని ఆపింది.

"ఒక్కరే ఉంటారు కదా సారూ. ఆరు బిందెలు ఎవురికి?"

"ఇంట్లో ఇంకొకరుండారు."

సాయంత్రానికల్లా సారు ఎవరినో తెచ్చి దాచిపెట్టాడని వీధంతా చెప్పుకుంది. ఎందుకో సంతోషమ్మకు ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడు నేరుగా వచ్చి తలుపు తట్టింది.

యేసేపు ఆమెకు గాజు తొట్టి చూపించాడు. ఇనుప చట్రంలో కిటికీ అద్దాలు బిగించి తనే చేసుకున్నాడు. లోపల రెండడుగుల వాలుగ చేప పొడవాటి మీసాలు కదిలిస్తూ ఆమెను చూసింది. రెండేళ్ల కిందట అతని తండ్రి తుంగభద్రలో వల వేసి తెచ్చినప్పుడు అది వేలెడంత ఉండేది. ఆ నెలలోనే ఆయన పోయారు. మాంసం ముక్కలు తినే చేప కాబట్టి రోజూ నీళ్లు మార్చాల్సిందే.

"తోడుంటాయని రెండు చిన్న పరక చేపల్ని ఏసినాను. తెల్లారేసరికి ఇదొక్కటే ఉండాది," అన్నాడు.

"మీ ఇంటికి తోడుగా వచ్చేవాళ్ల గతి ఇంతేనా సారూ?"

తండ్రి పోయాక అతను నవ్వడం అదే మొదలు.

అప్పటినుంచి రోజూ తన నీళ్లలో ఒక బిందె తెచ్చి ఆమె తొట్టిలో పోసేది. ఒక ఆదివారం పోసి, అక్కడే నిలబడిపోయింది.

"ఇది వెనక్కి తిరగలేకుండా ఉండాది సారూ. అద్దానికి రాసుకోని మూతి ఎట్లయినాదో సూడండి. ఏట్లో ఇడిసిపెట్టండి."

యేసేపు తొట్టి అద్దం మీద చెయ్యి ఆనించాడు. "నాయన చేత్తో ఇచ్చింది సంతోషమ్మా. ఇదీ పోతే ఈ ఇంట్లో ఇంకేముంటాది?"

ఆమె ఖాళీ బిందె తీసుకుని వెళ్లిపోయింది. నాలుగు రోజులు రాలేదు. ఐదో రోజు అద్దం మీద సన్నటి నెత్తుటి చార కనిపించింది. యేసేపు మిల్లు గేటు దగ్గరకు వెళ్లి, ఏటికి పోవడానికి ఎమ్మిగనూరు బస్సు ఎన్ని గంటలకని ఆమెను అడిగాడు.

గంగాళంలో చేప, పైన తడిపిన గోనెసంచి. బస్సు కుదుపులకు నీళ్లు తొణికినప్పుడల్లా సంతోషమ్మ తన బిందెలోంచి పోస్తూ వచ్చింది. ఎమ్మిగనూరులో ఎద్దుల బండి కట్టించుకుని ఏటికి చేరారు.

మోకాలి లోతు నీళ్లలో యేసేపు చేపను పట్టుకుని నిలబడ్డాడు. చేతులు వదలడానికి రాలేదు. ఆమె తన చేతులు అతని చేతుల కింద పెట్టింది. అప్పుడు వదిలాడు. వాలుగ ఒకసారి నిండుగా వెనక్కి తిరిగి, వాళ్ల కాళ్లను రాసుకుంటూ లోతుకు వెళ్లిపోయింది.

బండిలో తిరిగి వస్తుంటే మొదటి వాన పడింది. ఇద్దరూ ఒకే గోనెసంచి కప్పుకున్నారు. చేప వాసనకు ఇద్దరిలో ఎవరూ ముక్కు మూసుకోలేదు.

మర్నాడు యేసేపు బావికి ఒక్క బిందెతో వచ్చాడు.

"ఇంతేనా సారూ?"

"ఒక్కడికి ఇంతే. ఇద్దరుంటే ఎన్ని కావాలో నువ్వు సెప్పు."

సంతోషమ్మ అతని చేతిలోని చేంతాడు తీసుకుంది. అతని బిందె నింపి, పక్కన తన బిందె పెట్టింది.

"రెండు సాలు," అంది చేద బావిలోకి వదులుతూ. "మిగతాది మా అమ్మను అడగండి."