నల్లబల్ల మీద తడి

మా బడి చరిత్ర రాసే పని నాకెందుకు అప్పజెప్పారంటే, ఊళ్ళో ఖాళీగా ఉన్నది నేనొక్కణ్ణే. చదువు అయిదో తరగతితో ఆపేసినా, కళ్ళజోడు పెట్టుకుని పేపరు చదువుతాను కనక జనం నన్ను మేధావి అనుకుంటారు. పాపం, వాళ్ళ నమ్మకం చెడగొట్టడమెందుకని నేనూ కాదనను.

"పెదనాన్నగారూ, రేపు ఆఫీసరుగారు వస్తున్నారు. నల్లబల్ల మీద మన బడి చరిత్ర నాలుగు ముక్కలు రాసిపెట్టండి," అంది పంతులమ్మ. "అడుగున మీ పేరు కూడా వేసుకోండి. మొట్టమొదటి క్లాసు లీడరు కదా!"

ఆ చివరి మాటకి పడిపోయాను. అరవై ఎనిమిదేళ్ళలో నా పేరు ఇంటి కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా పడలేదు.

ఆదివారం మధ్యాహ్నం. సన్నగా వాన. బడంటే ఒకే గది. రెండు కిటికీలు, ఒక తలుపు, గోడ నిండా నల్లబల్ల. తడిసిన గోనెపట్టా వాసన, గబ్బిలాల రెట్ట వాసన. ఎవరో పిల్ల మరిచిపోయిన అన్నం డబ్బాలో తెల్లగా ఏదో మెదులుతోంది. ముక్కు మూసుకుని సుద్దముక్క తీశాను.

'మొదట ఇది గడ్డి దాచుకునే కొట్టం.'

'గొడుగు మాస్టారు ఎనిమిది మంది పిల్లలతో బడి పెట్టారు.' కప్పు కారేది. ఆయన గొడుగు కిందే పాఠం చెప్పేవారు. మేం తడిసేవాళ్ళం.

'ఇక్కడ ఏ బిడ్డకీ ఏనాడూ కష్టం కలగలేదు.'

కొత్త సుద్దముక్క కోసం వంగి లేచేసరికి ఆ మూడో వాక్యం లేదు.

డస్టరు తుడుపు కాదది. బొటనవేలంత వెడల్పున, పక్కపక్కనే తడి చారలు. అంచున నురగ. సుద్ద కలిసిన చొంగ జిగటగా కిందికి సాగుతోంది. వాసన... జ్వరం వచ్చిన నోటి వాసన.

"కప్పు కారుతోంది," అన్నాను పైకే. నా అబద్ధాలకి మొదటి శ్రోతని నేనే. మళ్ళీ రాశాను. కిటికీ వైపు తిరిగాను.

లప్... లప్... లప్...

వెనక్కి తిరగలేదు. తిరగక్కర్లేదు. ఆ చప్పుడు నాకు తెలుసు.

గొడుగు మాస్టారి రూలు ఒకటుండేది. బల్ల మీద తప్పు రాసినవాళ్ళు దాన్ని నాలికతో తుడవాలి. బల్లకి నలుపు పూసే పని లీడరుది, అంటే నాది. పాత బ్యాటరీ సెల్లులు పగలగొట్టి, ఆ నల్లపొడిని ఆకుపసరులో కలిపి పూసేవాణ్ణి. ఆ రోజు పూత ఇంకా పచ్చిగా ఉంది. బల్ల మీద లెక్క తప్పింది నేను. మాస్టారు "ఎవరది?" అంటే, పక్కనున్న నత్తిపిల్లని చూపించాను. ఎనిమిదేళ్ళ పిల్ల. కాదని చెప్పడానికి దానికి మాట పెగిలేలోపే మెడ పట్టుకుని వంచేశారు. తెల్లంకెలతో పాటు నా పూత కూడా నాకింది. మూడు రోజులు నల్లగా కక్కి కక్కి, పోయింది. హాజరుపట్టీలో 'జ్వరం' అని పడింది. రాసిన చేతిరాత నాదే.

బల్ల మీద రాశాను: 'లెక్క తప్పింది నేను. పూత పూసింది నేను.'

చప్పుడు ఆగిపోయింది. వాక్యం నిలిచింది.

అక్కడితో ఇంటికి పోతే మనిషినే. కానీ రేపు... ఆఫీసరు, పంతులమ్మ, ఊరు... డస్టరు పట్టాను. పోలేదు. తడిగుడ్డ. పోలేదు. గోరు విరిగింది గాని అక్షరం చెదరలేదు.

నా మోకాలి దగ్గర గుసగుస.

"నా... నా... నాలికతో..."

తలుపు గడియ వేసి, మోకాళ్ళ మీద కూలబడ్డాను. కళ్ళు మూసుకుని నాలిక చాపాను. సుద్ద. మసి. తుప్పు చేదు. అప్పటికే అక్కడున్న గోరువెచ్చని జిగట నోట్లోకి తీగలా సాగింది. అందులో ఒక వెంట్రుక. మింగాను. మళ్ళీ నాకాను. ఒక్కో అక్షరం పోతోంది. కింద నుంచి ఇంకో లప్... లప్... పైకి వస్తోంది. చివరి అక్షరం దగ్గర నా నాలిక కొసకి ఇంకో నాలిక తగిలింది.

చిన్నది. కాలిపోతోంది.

నాకిన చోటే మూడో వాక్యం తిరగరాసి, అడుగున నా పేరు రాశాను.

మర్నాడు ఆఫీసరు మెచ్చుకున్నాడు. చప్పట్లు కొట్టారు. "పెదనాన్నగారూ, మీ పేరు కింద ఆ తడేంటండీ?" అంది పంతులమ్మ.

"కప్పు కారిందమ్మా."

తర్వాత కప్పు మార్చారు. వానలు పోయాయి, ఎండలు ముదిరాయి. అరచేయంత ఆ తడి ఆరలేదు. మొదట ఎనిమిదేళ్ళ పిల్ల నోటి ఎత్తున ఉండేది. ప్రతి ఆదివారం వెళ్ళి పక్కన నిలబడి ఎత్తు చూసుకుంటున్నాను.

నిన్నటికి నా గడ్డం దాకా ఎదిగింది.