మరియమ్ హాజరు

ఈ పరాయి దేశంలో మనవాళ్లుండే న్యూ లిన్ పేటలో, రైలు పట్టాల పక్క సందులో ఓ ఖాళీ ఇల్లుంది. చీకటి పడ్డాక దాని ముందు ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పలకకూడదంటారు మనవాళ్లు. పలికినవాళ్లు ఆ ఊరి జనాభాలో కలిసిపోతారట.

ఏ ఊరంటే — ఆ ఇంట్లో పోయిన నౌరోజ్ అనే ఇరానీ ముసలాయన ఊరు. కొండ కింద గుప్పెడు మట్టిళ్లు. జనమంతా ఒక్క బస్సులో పట్టేస్తారు. ఆయన అక్రోట్లు అమ్ముకోడానికి పట్నం వెళ్లిన రాత్రి భూమి కంపించింది. తెల్లారేసరికి ఊళ్లో మిగిలింది ఆయనొక్కడే.

కొడుకు దగ్గరికి ఇక్కడికొచ్చాక, రోజూ పొద్దుగూకగానే వరండాలో కుర్చీ వేసుకుని ఊళ్లోవాళ్ల పేర్లు పిలిచేవాడు. ఒక్కో పేరుకీ తనే “హాజర్” అనేవాడు. చివరి పేరు మరియమ్ — ఆయన భార్య. ఆవిడ శవం దొరకలేదు. ఆ పేరు పిలిచి, ఊరుకునేవాడు.

ఆయన పోయి చాన్నాళ్లయింది. పిలుపు మాత్రం ఆగలేదంటారు...

జ్ఞానదాసు నమ్మేవాడు కాదు. “హాజరంటే మన మాటే కదే. రాత్రి బడిలో నేనూ మీ అమ్మా రోజూ చెప్పిన మాట. దానికి భయమేంటి?” అని కూతురు షీనాతో వాదించేవాడు.

“నీతో నా వల్ల కాదు నాన్నా. అమ్మని మాత్రం అటు తీసుకెళ్లకు.”

అమ్మ మేరమ్మకి మతిమరుపు. మొగుడెవరో కూడా తెలియడం లేదు. “ఈ ముసలాయన మనింట్లో ఎందుకున్నాడే?” అని కూతుర్ని చాటుకి పిలిచి అడిగేది.

మొన్న చలికాలంలో షీనా డ్యూటీకి వెళ్లిన సాయంత్రం, జ్ఞానదాసు స్నానం చేసి వచ్చేసరికి వీధి తలుపు తీసి ఉంది. మేరమ్మ లేదు. చెప్పులున్నాయి.

సన్నటి వాన. అప్పుడే చిమ్మచీకటి. డెయిరీ అని పిలిచే వీధి మూల కొట్టు దగ్గర లేదు, స్టేషన్లో లేదు. ఇక మిగిలింది ఆ సందే.

మలుపు తిరగ్గానే వినపడింది.

“అస్గర్...”

“హాజర్.”

“గుల్‌నార్...”

“హాజర్.” పసిపిల్ల గొంతు.

ఒక్కో పేరుకీ ఒక్కో గొంతు.

“మరియమ్...”

జవాబు లేదు. వాన చప్పుడు కూడా ఆగినట్టయింది.

అప్పుడు — “హాజరండీ.”

ఆ ‘అండీ’ తన పెళ్లాందే.

గేటు తోసుకుని పరిగెత్తాడు. వరండాలో మేరమ్మ, ఒట్టి కాళ్లతో, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఎదురుగా ఇంటి తలుపు దానంతటదే తెరుచుకుంటోంది. ఆమె ఒక కాలు గడపలో పెట్టింది.

చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. మంచుగడ్డలా ఉంది ఆ చెయ్యి.

“వదులయ్యా. నన్ను పిలిచారు.”

“నిన్ను కాదే. ఆవిడ వేరు.”

“మరియమ్...” లోపల్నించి మళ్లీ.

మేరమ్మ నోరు తెరిచింది. జ్ఞానదాసు ఆ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి, చీకట్లోకి గట్టిగా అన్నాడు.

“గైరుహాజరు.”

తలుపు ఆగింది. ఆ మాట వాళ్లకీ తెలిసినట్టుంది. లోపల గుసగుసలు... ఒకళ్లనొకళ్లు ఏదో అడుగుతున్నట్టు... ఆ తర్వాత అవీ లేవు.

ఆమెని లాక్కుంటూ మెట్లు దిగాడు. గేటు దాకా వచ్చారు.

వెనక నుంచి ముసలి గొంతు, అలవాటు లేని పేరుని కూడబలుక్కుంటున్నట్టు —

“జ్ఞాన... దాస్...”

పళ్లు బిగించి ముందుకే నడిచాడు.

మేరమ్మ ఆగిపోయింది. అతని మొహంలోకి చూసింది. ఎన్నాళ్లకో మొగుణ్ని గుర్తుపట్టినట్టు, చల్లగా నవ్వింది.

“నిన్నే కదయ్యా పిలుస్తున్నారు,” అంది మెల్లగా. “పలకవేం?”